రెండు వందల పన్నెండు ఇళ్ళు

1వ రోజు

దినపత్రం ఎలా రాయాలో మా గృహరుణ పీఠం నియమావళిలో ఉంది. ఆ రోజు చేసిన పని, చూసిన మనుషులు, పడిన ఇబ్బంది రాయాలి. దాచకూడదు. ఈ ఆఖరి మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో ఇవాళ రాయను.

పొద్దున తాడుబండిలో పదకొండో మెట్టుకి చేరాను. కొండను మెట్లుగా చెక్కి కట్టిన ఊరిది, ఒక్కో మెట్టు ఒక్కో వీధి. సముద్రం ఊళ్ళలోకి వచ్చాక దిగువ నుంచి ఎక్కి వచ్చినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ ఇక్కడ ఉంటున్నారు. ఇంటి అప్పు అరవై ఏళ్ళు. మావగారు మొదలుపెడితే కోడలు తీరుస్తుంది.

ఇంటి అప్పుల మీద సూత్రం రాసిన పరిశోధకులు ఆ సూత్రం అమలయ్యే వీధిలో ఒక నెల కాపురం ఉండి చూడాలి. దీన్ని క్షేత్రమాసం అంటారు. ఏ సూత్రం మనదో మాత్రం వీధిలో చెప్పకూడదు. నా సూత్రం వచ్చి ఆరేళ్ళయింది. రెండుసార్లు తప్పించుకున్నాను, ఒకసారి కూతురి పరీక్షల వంకతో, ఒకసారి నడుము నొప్పి వంకతో. ఈసారికి వంకలు అయిపోయాయి.

నాకిచ్చింది తొమ్మిదో నంబరు ఇల్లు. పీఠం వారి అతిథి గృహమట. రెండు గదులు, వంటిల్లు, గోడలో మీటరు. నా అరచెయ్యి పెడితే తలుపు తెరుచుకుంది. కాసేపటికి ఒక పెద్దావిడ బిందెతో నీళ్ళు తెచ్చింది. పేరు పేరంటాలమ్మ, అరవై దాటి ఉంటాయి. లోపల పెట్టమంటే పెట్టలేదు. గుమ్మం అవతలే దించి, మెట్టు మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాను.

2వ రోజు

ఇల్లు కడిగాను. నాకు శుభ్రం పిచ్చి ఉందని మా అమ్మాయి లేఖ అంటుంది, నిజమే. ద్వారబంధానికి లోపలివైపు ఎర్రమట్టితో అడ్డంగా గీతలున్నాయి, కింద నుంచి నడుము ఎత్తు దాకా. ఎవరి పిల్లలో పాడుచేశారనుకుని తడిగుడ్డతో రుద్దాను. మట్టి చెక్కలోకి ఇంకిపోయింది, అరగంట పట్టింది.

పేరంటాలమ్మ మెట్టు మీద కూర్చుని చూస్తోంది. "తుడిచేత్తన్నారాండి" అంది. చూడండి ఎంత మురికో అన్నాను. ఆవిడ ఖాళీ బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

5వ రోజు

ఇక్కడ నీళ్ళు మంచువలల నుంచి రావాలి. వీధి చివర కొండ అంచున పెద్ద పెద్ద వలలు కట్టి ఉంటాయి. తెల్లవారుజామున మబ్బు వాటిలోంచి పోతూ తడి వదిలేస్తుంది, ఆ తడి తొట్టెల్లోకి దిగుతుంది. ఇంటికొకరు రోజూ ఒక గంట వలలు దులపాలి, చిరిగినచోట ముడెయ్యాలి. నాకు ముడి రాదు. నేను వేసిన నాలుగు ముళ్ళూ ఊడిపోతే పక్కావిడ మాటాడకుండా మళ్ళీ వేసింది.

ఆ పక్కావిడ గంగాభవాని. యాభై దగ్గరుంటాయి. ఉండేది వలల పక్కనున్న కొట్టంలో. పేరంటాలమ్మ ఆమెకి ఆడపడుచు, ఆవిడా ఆ కొట్టంలోనే ఉంటుంది. భవాని కూతురు సుహాసిని ఏడో నెల గర్భంతో పురిటికి వచ్చింది. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక పొయ్యి, తడిసిన వలల వాసన.

మీకు ఇల్లు లేదా అని అడిగాను. ఉందండి, పదిహేడో నంబరు మాదే అంది. నెల కిందట భర్త పోయాడు. ధనిష్ఠ నక్షత్రంలో పోయాడు కాబట్టి పెద్దకర్మ అయిన మర్నాడే ఇల్లు వదిలి వచ్చేశారు. ఆరు నెలలు ఆ ఇంట్లో దీపం పెట్టకూడదు, మనిషి మసలకూడదు. లేకపోతే ఆ ఇంటి మీద ఇంకొకరి వంతు వస్తుంది. కడుపుతో ఉన్న పిల్ల ఉండగా తను ఆ మాట దాటదు.

ఇల్లు ఖాళీ అయి ఎన్ని రోజులయిందని అడిగాను. పదహారు అంది. నలభైలోంచి పదహారు తీసేసుకున్నాను. ఇరవై నాలుగు. ఆ తీసివేత ఎందుకు చేశానో ఆమెకి తెలియదు.

8వ రోజు

పదిహేడో నంబరు ఇంటి వైపు వెళ్ళాను. గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప ఉంది. తలుపు పక్క కిటికీలోంచి లోపలి ద్వారబంధం కనబడింది. కింద నుంచి పైకి ఎర్రటి గీతలు.

భవానిని అడిగాను. ఏడాది వాయిదాలన్నీ కట్టడం అయ్యాక, ఉగాది పొద్దున స్నానం చేసి, జాజు మట్టి కలిపి ఇంటి పెద్ద ఒక గీత గీస్తాడట. అరవై గీతలయితే ఇల్లు సొంతం. వాళ్ళవి ముప్ఫై ఒకటి. మొదటి ఎనిమిదీ మావగారివి, తర్వాతవన్నీ భర్తవి. మెట్టు మీద అన్ని ఇళ్ళకీ ఉంటాయండి, అంది.

తొమ్మిదో నంబరు ద్వారబంధం మీద నేను తుడిచినవి ఎన్నో లెక్కపెట్టలేదు. ఎవరివని అడగలేదు. లెక్కలు చేసి బతికేదాన్ని, లెక్కపెట్టడానికే తోచలేదు.

9వ రోజు

ఇవాళ రాయక తప్పదు. రాసి చెరిపే వీలు దినపత్రంలో లేదు, అందుకే ఎనిమిది రోజులు ఆగాను.

ఇళ్ళలో ఊపిరి మీటరు గాలి కోసం పెట్టారు. గదిలో ఎంతమంది ఊపిరి పీలుస్తున్నారో చూసి కిటికీలు తెరవడం దాని పని. ఇళ్ళకి అప్పులిచ్చే నివాసనిధి ఆ లెక్కలన్నీ మా గృహరుణ పీఠానికి ఇచ్చింది. వాయిదా ఎగ్గొట్టేవాళ్ళని ముందే కనిపెట్టవచ్చా అన్నది నా పరిశోధన. కనిపెట్టవచ్చు. ఇల్లు వదిలి పారిపోయేవాళ్ళు మూడు నాలుగు నెలలు వాయిదా కడుతూనే ఉంటారు, ఆ తర్వాత ఆపేస్తారు. కానీ ఊపిరి ముందే ఆగిపోతుంది. నలభై రోజులు ఊపిరి లేని ఇల్లు ఇక వాయిదా కట్టదు. ఇది నా సూత్రం. దీని మీదే నిధి నలభయ్యో రోజున, వాయిదాలు కట్టి ఉన్నా సరే, తలుపుకి కొత్త అరచెయ్యి నేర్పిస్తుంది. పాత యజమాని అరచెయ్యి మరిచిపోతుంది.

నేను చూసినవి రెండు వేల మూడు వందల ఖాళీ ఇళ్ళు. వాటిలో రెండు వందల పన్నెండు నా మాట వినలేదు. నెలల తరబడి ఊపిరి లేదు, అయినా ఒక్క వాయిదా తప్పలేదు. తర్వాత ఊపిరి మళ్ళీ మొదలయింది. ఎప్పుడు? కొన్ని సరిగ్గా మూడు నెలలకి, కొన్ని సరిగ్గా ఆరు నెలలకి. ఒక్క రోజు అటూ ఇటూ లేదు.

పీఠంలో నాతో పనిచేసేవాళ్ళకెవరికీ అర్థం కాలేదు. నాకు చూసిన క్షణంలో అర్థమైంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాయనమ్మ పోయింది. నక్షత్రం మంచిది కాదని నాన్న ఇంటికి తాళం వేశాడు. మూడు నెలలు బడి వెనక గదిలో ఉన్నాం. క్లాసులో నన్ను "నక్షత్రం" అని పిలిచేవాళ్ళు. హాజరు పిలిచేటప్పుడు కూడా వెనక నుంచి ఎవరో ఆ పేరే అనేవాళ్ళు. ఆ పేరు వదిలించుకోవడానికి నేను చదివినంత చదువు ఎవరూ చదివి ఉండరు.

నా పరిశోధన అయిదు దేశాల పండితుల ముందుకు వెళ్తోంది. మా వాళ్ళు నక్షత్రం చూసి ఇల్లు ఖాళీ చేస్తారండీ అని వాళ్ళ ముందు నిలబడి చెప్పాలా? చెప్పలేదు. ఆ రెండు వందల పన్నెండింటినీ లెక్కలోంచి తీసేశాను. అట్టడుగున చిన్న అక్షరాల్లో "మీటరు లోపం" అని రాశాను. సిగ్గుపడి రాశాను. ఇప్పుడు దానికన్నా పెద్ద సిగ్గు పడుతున్నాను, కానీ ఇరవై రోజులుగా ఖాళీగా ఉన్న ఇంటికి నా సిగ్గు ఏ రకంగానూ పనికిరాదు.

14వ రోజు

పదిహేడో నంబరు ఖాళీ అయి ఇరవై అయిదో రోజు కాబట్టి నిధి నోటీసు వచ్చింది. భవాని దాన్ని నా దగ్గరకి తెచ్చింది, సర్వే మేడం (వీధిలో నన్ను అలాగే పిలుస్తారు) చదువుకుంది కదా అని. నేను అరుగు మీద చాప వేశాను. చాలా మర్యాదగల నోటీసు. మీ ఇంట్లో ఊపిరి కనబడడం లేదు, కారణం తెలపగలరు అని ఉంది. కింద రెండే రెండు గళ్ళు. ఒకటి "ఇల్లు వదిలివేయబడినది". రెండోది "మీటరు లోపం".

నా అట్టడుగు అక్షరాలు గడి అయి కూర్చున్నాయి.

మూడో గడి లేదా అని ఆమె అడిగింది. లేదన్నాను.

"మేం వదిలెయ్యలేదండి. తలుపేసుకున్నామంతే. రెండూ ఒకటేనాండి?"

కాదన్నాను. మరయితే ఆ మాట ఇక్కడ రాయండి అంది. రాసే జాగా లేదు. ఈ కాగితం తయారు చేసినోళ్ళకి ఇంట్లో ఎవరూ పోలేదేమో అంది, కోపంగా కాదు, వాళ్ళ మీద జాలిపడుతున్నట్టు. నేను తల వంచుకుని రెండో గడిలో టిక్కు పెట్టించాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

పదో మెట్టులో ఒకాయన ఇలాంటి నోటీసుకి భయపడి ఇంట్లో రెండు మేకల్ని కట్టేశాడని ఆమె చెప్పింది. మనిషి ఊపిరికీ మేక ఊపిరికీ తేడా మీటరుకి తెలుసు. ఇల్లూ పోయింది, మేకలకి జరిమానా కూడా పడింది. ఆమె నవ్వింది. ఆ తేడా కనిపెట్టింది మా పీఠమే కాబట్టి నేను నవ్వలేకపోయాను.

17వ రోజు

మీటరు చూసే మనిషి వచ్చాడు. కంప దాటి లోపలికి వెళ్ళడానికి అతనూ ఇష్టపడలేదు. బయటి పెట్టెలోంచే పరీక్ష చేసి, మీటరు బ్రహ్మాండంగా ఉందని రాసి వెళ్ళిపోయాడు. లోపం లేదు కాబట్టి ఇల్లు వదిలేసినట్టే. మిగిలిన గడి అదొక్కటే కదా.

భవాని వలల దగ్గరకి వచ్చి పని చేసుకుంది. సుహాసిని కొట్టంలో కూర్చుని అమ్మ ముఖంలోకి చూస్తోంది. బిడ్డ పుట్టాక ఏ ఇంటికి తీసుకెళ్ళాలో ఆ పిల్లకి తెలియాలి.

19వ రోజు

నా గైడు జోగేశ్వరరావు గారికి ఫోను చేశాను. పరిశోధనలో చిన్న సవరణ చెయ్యాలనుకుంటున్నానని చెప్పాను. చెయ్యమ్మా, కమిటీ చూసి అంగీకరించడానికి తొంభై రోజులు పడుతుంది అన్నారు. ఏం సవరణ అని అడిగారు. ఆ తీసేసిన ఇళ్ళ గురించి అన్నాను.

"అవి మీటరు లోపాలే కదమ్మా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. "అవునండి" అన్నాను. ఆరోగ్యం జాగ్రత్త, కొండగాలి పడదు నీకు అని ఆయన ఫోను పెట్టేశారు.

పేరంటాలమ్మ మెట్టు మీద నీళ్ళు దించి, ముఖం అలా పాలిపోయిందేంటండి, తిన్నారా అని అడిగింది. తిన్నానన్నాను. అదీ అబద్ధమే. ఒకరోజుకి రెండు.

22వ రోజు

పొద్దున ఒక ఉపాయం తట్టింది. నలభై రోజులు వరసగా ఊపిరి ఆగితేనే లెక్క. మధ్యలో ఒక మనిషి ఒక గంట లోపల కూర్చుంటే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. వీధివాళ్ళెవరూ వెళ్ళరు. నేను వెళ్ళవచ్చు. నేను ఆ ఇంటిదాన్ని కాదు, పైగా నమ్మేదాన్నీ కాదు. క్షేత్రమాసంలో ఉన్నవాళ్ళు ఇలాంటివి చెయ్యకూడదని నియమం. నియమం సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను.

భవాని ఒప్పుకోలేదు. ఇల్లు పోతే పోయింది, మీకేమన్నా అయితే మేం ఏ మొహం పెట్టుకుని ఉంటాం అంది. నాకు ఇలాంటి నమ్మకాలు లేవన్నాను. చదువుకున్నదాన్నని కూడా అన్నాను. గట్టిగానే అన్నాను, వలల దగ్గరున్న ఆడవాళ్ళు తిరిగి చూశారు. ఆఖరికి ఆమె వచ్చి కంప పక్కకి జరిపి, బయటి నుంచి అరచెయ్యి ఆనించింది. తలుపు తెరుచుకుంది.

లోపల మంచం ఎత్తి గోడకి ఆనించి ఉంది. మూసిన ఇంటి వాసన. మా నాన్న మూడు నెలల తర్వాత తాళం తీసినప్పుడు వచ్చిన వాసనే. గడప దగ్గర నిలబడ్డాను. లేఖ గుర్తొచ్చింది. హాస్టల్లో ఈ సమయానికి జడ వేసుకుంటూ ఉంటుంది. కాలు ఎత్తుదామనుకున్నాను.

కాలు లేవలేదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. భవాని నా చెయ్యి పట్టుకుంది. "వద్దులెండి. మీకూ పిల్ల ఉంది" అంది. తలుపు మూసి, కంప మళ్ళీ అడ్డం పెట్టి, నా చెయ్యి వదలకుండా కొట్టం దాకా నడిపించుకెళ్ళి మజ్జిగ ఇచ్చింది. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. పొడిచి ఉంటే బాగుండేది.

అయిదు దేశాల పండితుల ముందు నాకు లేని నమ్మకం ఈ గడప దగ్గర ఎక్కడి నుంచి వచ్చింది? రెండు వందల పన్నెండు ఇళ్ళవాళ్ళు పడిన భయమే నేనూ పడ్డాను. వాళ్ళు భయపడి తలుపేసుకున్నారు. నేను భయపడి వాళ్ళని లెక్కలోంచి కొట్టేశాను.

26వ రోజు

ఇల్లు ఖాళీ అయి ముప్ఫై ఏడో రోజు. వలలు దులుపుతూ భవానికి అంతా చెప్పేశాను. ఈ నలభై రోజులన్నది ఎవరో చదువుకున్నవాళ్ళు కట్టిన లెక్క అని వీధిలో అనుకుంటూ ఉంటారు కదా, ఆ చదువుకున్నది నేనే అన్నాను. తీసేసిన ఆ ఇళ్ళ గురించి చెప్పాను. బడి వెనక గది గురించి చెప్పాను. ఆమె చేతులు ముడి వేస్తూనే ఉన్నాయి. రెండు వలలు అయ్యాక అడిగింది.

"రాయడానికి మేవంటే సిగ్గేసిందాండి?"

"మీరంటే కాదు. మా ఇల్లంటే."

ఆమె తర్వాతి వల అందుకుంది. "ఇప్పుడు రాత్తే ఆగుద్దాండి?" అంది. ఆమెకి కావలసింది అదొక్కటే. నా ఏడుపు కాదు.

ఆగుతుందన్నాను.

ఇక్కడ ఇంకొకటి రాయాలి. సవరణకి తొంభై రోజులు పడుతుందని పందొమ్మిదో రోజున రాశాను. అది నిజమే. కానీ ఇంకో దారి ఉంది, ఉపసంహరణ. తెలిసి తెలిసి దాచాను అని పరిశోధకురాలే ఒప్పుకుని తన సూత్రాన్ని వెనక్కి తీసుకుంటే, ఆ పూటే దాని కింద జరిగే స్వాధీనాలన్నీ ఆగిపోతాయి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చదువు పట్టా పోతుంది, ఉద్యోగం పోతుంది. దాచిన సంగతి నా పేరుతో అందరికీ కనబడేలా వేస్తారు. ఈ దారి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. అయిదో రోజున నలభైలోంచి పదహారు తీసినప్పుడు కూడా తెలుసు. దినపత్రంలో రాయలేదు. రాస్తే చెయ్యాల్సి వస్తుందని రాయలేదు. గడప దగ్గరకి వెళ్ళింది కూడా ఈ దారి తప్పించుకోవడానికే. ఆ రెండు వందల పన్నెండింటినీ ఎలా కొట్టేశానో దీన్నీ అలాగే కొట్టేశాను, ఆరేళ్ళ తర్వాత, సిగ్గుపడుతున్నానని రోజూ రాసుకుంటూనే.

27వ రోజు

ఉపసంహరణ పత్రం నింపాను. "దాచిన విషయం" దగ్గర ఒక వాక్యం రాయాలి. పదిసార్లు రాసి కొట్టేసి చివరికి ఇలా రాశాను: "ఇంట్లో చావు జరిగితే నక్షత్రాన్ని బట్టి ఇల్లు ఖాళీ చేసి మళ్ళీ వచ్చేవారు ఉన్నారు. మాదీ అలాంటి ఇల్లే. నామోషీపడి వారిని లెక్కలోంచి తీసేశాను." పేరు హైమవతి అని పెట్టి పంపేశాను.

28వ రోజు

స్వాధీనాలు నిలిపివేసినట్టు నిధి ప్రకటన వచ్చింది. పీఠం నా పేరు తీసేసింది. ముప్ఫయ్యో రోజు మధ్యాహ్నం లోపల అతిథి గృహం ఖాళీ చెయ్యాలి. జోగేశ్వరరావు గారు ఒక్క వాక్యం పంపారు: "ఫోనులో అడిగాను కదమ్మా." దానికి జవాబు రాయలేదు. లేఖ ఫోను చేసి, అమ్మా నీ గురించి ఏదో వేశారు, నిజమా అంది. నిజమేనన్నాను. ఆదివారం వస్తావా అని అడిగింది.

29వ రోజు

నలభయ్యో రోజు. భవాని తన ఇంటి ముందు నిలబడింది. సుహాసిని పక్కన నిలబడింది. కంప వెనక తలుపు ఉన్నట్టే ఉంది. భవాని దూరం నుంచే చెయ్యి చాచి అరచెయ్యి ఆనించి చూసింది. గొళ్ళెం కదిలిన చప్పుడు వినగానే చెయ్యి తీసేసి, తలుపు మళ్ళీ మూసి, వలల పనికి వెళ్ళిపోయింది. నాకు కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పనందుకు మనసు తేలికపడింది.

తర్వాత పేరంటాలమ్మ నీళ్ళు తెచ్చి మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు కొంగు అంచు నలుపుకుంటూ ఉండి, నన్ను ఒక సంగతి అడగొచ్చా అంది.

"అమ్మాయిగారూ, ఇల్లు తిరిగి రాడం ఆరు నెల్లోళ్ళకేనాండి? మూణ్ణెల్లోళ్ళకి కూడా వత్తదాండి?"

అందరికీ వస్తుందన్నాను. ఇదివరకే స్వాధీనమైన ఇళ్ళకయితే నేను ఒక్కో ఇంటికీ విడిగా సాక్ష్యం రాసివ్వాలి, నెలలు పట్టవచ్చు అన్నాను. ఎవరికోసం అడుగుతున్నారని అడిగాను.

"మాకేనండి. మావోరు పోయి నాలుగేళ్ళయ్యింది. మూణ్ణెల్లయ్యాక వచ్చి సెయ్యి పెడితే తలుపు గుర్తుపట్టలేదండి."

ఏ ఇల్లని అడగబోయి ఆగిపోయాను. ఆవిడ మెట్టు దాటి లోపలికి ఎందుకు రాలేదో, గీతలు తుడుస్తుంటే ఎందుకలా చూసిందో నాకప్పుడు తెలిసింది. మోకాళ్ళ నొప్పులనుకున్నాను. ఇరవై తొమ్మిది రోజులు ఆవిడ వంటింట్లో వండుకు తిని, ఆవిడ తెచ్చిన నీళ్ళు తాగాను.

మొదటి రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"కొత్తగా వచ్చేరు. సెప్తే ఈ ఇంట్లో మీకు ముద్ద దిగదని" అంది.

30వ రోజు

మొదటి సాక్ష్యం తొమ్మిదో నంబరు ఇంటికి రాశాను. ఖాళీకి కారణం అన్నచోట ఆ రెండు గళ్ళే ఉన్నాయి. వాటి పక్కన చేత్తో "చావు" అని రాసి, నక్షత్రం పేరు రాసి, సంతకం పెట్టాను. ఇంకా ఎన్ని రాయాలో నిధి దగ్గర నుంచి జాబితా తెప్పించుకున్నాను. వాయిదాలు కడుతుండగానే స్వాధీనమైనవి వెయ్యీ నూట నలభై ఆరు ఇళ్ళు. ఒక్కొక్కటీ నేనే రాస్తాను. వేరే ఉద్యోగం కూడా లేదు కదా.

మధ్యాహ్నం దాకా తలుపు నా చెయ్యి వింటుంది. సామాను బయట పెట్టుకుని, తలుపు బార్లా తీసి, మూసుకుపోకుండా రోలు అడ్డం పెట్టి, పేరంటాలమ్మని రమ్మన్నాను. ఇల్లు ఇవాళే మీ చేతికి రాదు, నేను వెళ్ళాక మళ్ళీ మూసుకుపోతుంది, ఒక్కసారి చూసుకోండి అన్నాను. గీతలు తుడిచినందుకు క్షమించమన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అన్నాక తెలిసింది.

ఆవిడ కొట్టానికి వెళ్ళి చిన్న పళ్ళెంలో జాజు మట్టి కలుపుకు వచ్చింది. వెనకాలే భవాని వచ్చి వీధిలో నిలబడింది. పేరంటాలమ్మ గడప దాటింది. వంటింటి వైపు చూడలేదు, గదుల్లోకి వెళ్ళలేదు. ద్వారబంధం దగ్గర నేల మీద చతికిలబడి, పళ్ళెం నా చేతికిచ్చి, వేలు ముంచి కింద నుంచి మొదలుపెట్టింది.

లెక్క ఆవిడకి కంఠతా వచ్చు. ఇది మేం కొండెక్కిన ఏడు. ఇది వలలు తెగిపోయిన ఏడు, మా అత్తగారి గాజులమ్మి కట్టేం. ఇది తమ్ముడికి భవానిని సేసుకున్న ఏడు. ఇది పిల్లోడు పుట్టి పోయిన ఏడు, ఆ ఏడు కూడా కట్టేం. ఒక్కో గీతా నేను రుద్దిన చోటే పడుతోంది. చెక్కలోకి ఇంకిన పాత ఎరుపు ఇంకా కొంచెం మిగిలి ఉంది, ఆవిడ వేలు దాన్ని వెతుక్కుంటూ పోతోంది. నిలబడి గీయాల్సినచోట నా భుజం పట్టుకుని లేచింది. ఇరవై ఆరు గీతలు.

ఇరవై ఆరో గీత పైన వేలు ఆపింది. మట్టి వేలి చివర నుంచి నా చీర మీద పడింది. నా వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఈ నాలుగేళ్ళకీ ఏం గియ్యమంటారండి?"

పళ్ళెం ఆవిడ వేలికి అందేలా ఎత్తి పట్టుకున్నాను.